పసుపు రాసిన దరఖాస్తు

బాపట్ల స్టేషన్ బయట నిలబడి మిరపకాయ బజ్జీలు తింటూ మా బావ నాకొక దరఖాస్తు చదివి వినిపించాడు. బజ్జీలు చుట్టి ఇచ్చిన కాగితం అది. పైన కుడి మూల ఎవరో కుర్రాడి ఫొటో అంటించి ఉంది. నూనె పీల్చుకుని ఆ మొహం నిగనిగలాడుతోంది.

"ఒరేయ్ బామ్మర్దీ, ఈ కుర్రాడికి నీకంటే మార్కులెక్కువరా. టైపు హయ్యరంట. హిందీ కూడా వచ్చంట. పాపం, చూడ్డానికి బుద్ధిమంతుడిలా ఉన్నాడు" అని, ఆఖరి బజ్జీ నోట్లో వేసుకుని, ఆ బుద్ధిమంతుడితోనే చెయ్యి తుడుచుకున్నాడు.

అది రెండు వేల నాలుగో ఐదో సంవత్సరం. అప్పటికి తెనాలి నుంచి నేను దరఖాస్తు పంపని చోటు లేదు. ఎరువుల కొట్లు, కోల్డ్ స్టోరేజీలు, ట్యుటోరియల్ కాలేజీలు, అన్నింటికీ పంపాను. ఒక్క జవాబు రాలేదు. దరఖాస్తులన్నీ ఎటు పోతున్నాయా అని చాలా రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆ సాయంత్రం తెలిసింది. నా ఫొటో ఏ ఊళ్లో ఏ బజ్జీల కింద మెరుస్తోందో అనిపించి నా వంతు బజ్జీలు తినలేకపోయాను. అవి కూడా బావే తిన్నాడు.

బావకి బాపట్లలో దూది పరుపుల కొట్టు. అక్కని ఆ ఊరికిచ్చాక, నాకు ఉద్యోగం దొరక్కపోతే ఆ కొట్లోనే కూర్చోవాలని మా ఇంట్లో ఒక ఒప్పందం జరిగిపోయింది. ఇందులో ఇబ్బంది ఏమిటంటే నాకు దూది పడదు. మిషను దూది ఏకడం మొదలుపెట్టగానే తుమ్ము వస్తుంది. అదైనా అందరిలా వరసగా రాదు. వీధి చివరి దాకా వినబడేలా ఒకటి వస్తుంది. రెండోది ముక్కు చివర దాకా వచ్చి, మనసు మార్చుకుని వెనక్కి పోతుంది.

ఒంటి తుమ్ము. పరుపుల కొట్టుకి వచ్చేవాళ్లలో సగం మంది పెళ్లివారు. పరుపు నొక్కి చూసి, గుడ్డ రంగు ఒప్పుకుని, బేరం తెగి, పెళ్లికూతురి మేనత్త సంచీలో చెయ్యి పెట్టేసరికి నేను తుమ్మేవాణ్ణి. ఆ చెయ్యి సంచీలోనే ఆగిపోయేది.

"కాసేపాగి వస్తాం బాబూ" అని వాళ్లు మెట్లు దిగేవాళ్లు. ఆ కాసేపు ఎదురుగా ఉన్న కొట్లో కూర్చునేవాళ్లు. వెళ్లేటప్పుడు రిక్షా మీద పరుపుతో మా ముందు నుంచే వెళ్లేవాళ్లు.

జంట తుమ్ము మంచిదే కదా. అందుకని నేను తుమ్మగానే బావ గల్లా దగ్గర నుంచి దూకేవాడు. "ఇంకోటి తుమ్మరా! ఇంకోటి! ఆపకు!" అని నా మొహాన్ని ఎండ వైపు తిప్పేవాడు. మిరియాల పొడి తెచ్చేవాడు. కోడి ఈక కూడా ఒకటి ఉండేది. పెళ్లివారంతా చుట్టూ నిలబడి, రావాల్సిన బస్సు కోసం చూసినట్టు నా ముక్కు వైపు చూసేవాళ్లు. రెండోది వచ్చేది కాదు.

ఒక వారం అలా గడిచాక బావ నన్ను స్టేషన్‌కి తీసుకొచ్చి రైలెక్కించాడు. ఆ బజ్జీలు అప్పటివే. "నువ్వు ఉద్యోగం తెచ్చుకోరా నాయనా. మీ అక్క నా మాట వినదు. వైశాఖం పెళ్లిళ్లకి నువ్వు మా కొట్లో ఉన్నావంటే నేను నవ్వారు మంచాలు అల్లుకోవాల్సిందే" అన్నాడు.

కాని అక్క పట్టు విడవలేదు. నాన్న అక్క మాటే మాట అన్నాడు. ఫాల్గుణంలో ఒక బుధవారం బావ తెనాలి వచ్చే పని ఉంది. ఆ లోపల ఏదో ఒక చోట నుంచి పిలుపు రావాలి. రాకపోతే ఆ సాయంత్రం బావతో పాటు పెట్టె సర్దుకుని బాపట్ల రైలెక్కాలి. నాకు ఉద్యోగం రావాలని నాకంటే ఎక్కువగా మా బావ మొక్కుకున్నాడని నా నమ్మకం.

ఇంటర్ తర్వాత నేను డిగ్రీ దూరవిద్యలో కట్టాను. అసలు చదువు మాత్రం శాఖా గ్రంథాలయంలో జరిగింది. పొద్దున తలుపు తీసేసరికి మెట్ల మీద ఉండేవాణ్ణి. పదకొండింటికి మూస్తే ఇంటికొచ్చి, భోజనం చేసి, సాయంత్రం తీసేసరికి మళ్లీ మెట్ల మీద ఉండేవాణ్ణి. అలా రెండు బీరువాలు పూర్తి చేశాను. ఎంచుకోలేదు, పై అర నుంచి కింది అరకి వరసగా చదువుకుంటూ వచ్చాను. కోళ్ల పెంపకం తర్వాత రోమన్ చక్రవర్తులు, వాళ్ల తర్వాత మూలశంకకి ప్రకృతి వైద్యం, దాని తర్వాత చంద్రుడి మీద గుంటలు. కాలేజీ వాళ్లకి సిలబస్ ఉంటుంది. నాకు బీరువా ఉండేది. సిలబస్‌లో కోళ్లు, చక్రవర్తులు ఒక్క చోట కలవరు. ఈ విషయంలో నాకు అప్పుడూ గర్వమే, ఇప్పుడూ గర్వమే.

రెండో బీరువా కింది అరలో ఉద్యోగ దరఖాస్తుల మీద ఒక పుస్తకం ఉండేది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, రాసిందెవరో తెలియదు. బాపట్ల నుంచి రాగానే దాన్ని మళ్లీ తీశాను. అందులో చెప్పిందేమంటే, చూసేవాడి ముందు కట్టలకొద్దీ కాగితాలుంటాయి, అతని చెయ్యి మీ కాగితం మీద ఆగాలి, ఆగితే చాలు సగం పని అయినట్టే. ఆ అధ్యాయం చివర ఒక ప్రశ్న ఉంది. మీ ఇంట్లో మీరు ఎప్పటికీ పారేయలేని కాగితం ఏది? జవాబు తర్వాతి పేజీలో ఉండాలి. ఆ పేజీ లేదు.

జవాబు కోసం ఇల్లంతా వెతికాను. కరెంటు బిల్లు లేదు. ఇల్లు మారినప్పుడు నా పదో తరగతి సర్టిఫికెట్ కూడా కొన్నాళ్లు కనపడకుండా పోయి, తర్వాత బెల్లం డబ్బా మూత కింద దొరికింది. కాని గోడకున్న అద్దం వెనక చెయ్యి పెడితే శుభలేఖలు బయటికొచ్చాయి. గుప్పెడు, రెండు గుప్పెళ్లు. ఒక కార్డులో పెళ్లికొడుకైన మా దూరపు మామయ్యకి అప్పటికి బట్టతల వచ్చి, కూతురి ఓణీల ఫంక్షన్ కూడా అయిపోయింది. అయినా ఆయన శుభలేఖ నాలుగు మూలలా పసుపుతో అక్కడే భద్రంగా ఉంది.

"ఇవెందుకమ్మా ఇంకా?" అని అమ్మనడిగాను.

"పసుపు రాసింది పారేస్తారా ఎవరన్నా? కళ్లు పోతాయి" అంది అమ్మ.

నాకు జవాబు దొరికింది. చిరిగిపోయిన పేజీలో కూడా ఇదే ఉండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ వారమే పేపర్లో రేపల్లె రైసు మిల్లు ప్రకటన పడింది. కంప్యూటర్లో లెక్కలు రాయగల గుమాస్తా కావాలి, పోస్టులో దరఖాస్తు పంపండి అని. నేను తిన్నగా శుభలేఖలు వేసే ప్రెస్సుకి వెళ్లాను. ఆ ప్రెస్సు మా నాన్న స్నేహితుడైన ఒక సాయిబుగారిది. ఆయన్ని నేను బాబాయ్ అనే పిలిచేవాణ్ణి. తెనాలిలో ఎవరి పెళ్లి ఎప్పుడో పురోహితుల కంటే ఆయనకే ముందు తెలిసేది.

నన్ను చూడగానే బాబాయ్ లేచి నిలబడ్డాడు. "ఏంటి నాన్నా, కుదిరిందా? మీ నాన్న ఒక్క మాట చెప్పలేదు!"

"పెళ్లి కాదు బాబాయ్. ఉద్యోగం."

"మంచిదేగా. అమ్మాయి ఉద్యోగం చేస్తుందా?"

"అమ్మాయి లేదు బాబాయ్. అమ్మాయి చోట ఉద్యోగం వెయ్యాలి."

బాబాయ్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని నన్ను చూశాడు. నేను పుస్తకం సంగతి, అద్దం వెనక శుభలేఖల సంగతి, బజ్జీల సంగతి అన్నీ చెప్పాను. బజ్జీల దగ్గర ఆయనకి బాగా నచ్చింది.

"సరే, వేద్దాం. ఎవరిదో కేన్సిలైన ఆర్డరు తాలూకు కార్డులున్నాయి. పల్లకీ బొమ్మ పైకి లేచి ఉంటుంది, చేత్తో తడిమితే తెలుస్తుంది" అన్నాడు.

"పల్లకీ ఎందుకు బాబాయ్?"

"ఉద్యోగం నడిచొస్తుందా మరి?"

ఇద్దరం కూర్చుని రాశాం. పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. కింద రైసు మిల్లు యజమాని గారి దివ్యసముఖమునకు. ఆ తర్వాత నా పేరు, ముందు చిరంజీవి. బి.కాం., టైపు లోయరు, కంప్యూటరు లెక్కలు తెలిసిన ఈ చిరంజీవిని మీ మిల్లునందలి గుమాస్తా ఉద్యోగముతో జతపరచుటకు పెద్దలు నిశ్చయించవలెనని ప్రార్థన. ఇతర అర్హతల కింద, తెనాలి శాఖా గ్రంథాలయమున రెండు బీరువాలు సంపూర్ణము. ఆ ముక్క నేనే పెట్టించాను.

"ముహూర్తం?" అన్నాడు బాబాయ్.

"దరఖాస్తుకి ముహూర్తమేంటి?"

"ముహూర్తం లేని కార్డు గుండు గీసినట్టుంటుంది నాన్నా. ఏదో ఒక టైము చెప్పు. నువ్వెప్పుడు ఇంట్లో ఉంటావో అదే వేద్దాం. వాళ్లు కబురు చెయ్యాలన్నా తెలియాలిగా."

ఆ మాట నాకు సబబుగా తోచింది. మాకు ఫోను లేదు, పక్కింటి వాళ్లదే. బావ వచ్చే ఆ బుధవారం లోపల కబురు రావాలి కాబట్టి ఆ బుధవారమే వేయించాను. పదకొండింటికి గ్రంథాలయం మూస్తారు, దారిలో ఎవరన్నా మాట్లాడించినా పన్నెండుంపావుకి ఇంట్లో ఉంటాను. సుముహూర్తం, బుధవారం పగలు గంటలు 12-15. వేదిక, అభ్యర్థి స్వగృహము. ఆ కింద విందు అని ఒక వరస ముందు నుంచే ఉంది. అది తీసేద్దామా అని బాబాయ్ అడిగాడు. "ఇంటికొచ్చిన వాళ్లకి అన్నం పెట్టమా ఏంటి, ఉండనీండి" అన్నాను.

పాతిక కంటే తక్కువ వేస్తే మిషను కడిగిన కిరసనాయిలు దండగని బాబాయ్ పాతిక వేశాడు. అందులో ఒకటి తీసి అమ్మకిచ్చాను. అమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, నిట్టూర్చి, బొటనవేలితో నాలుగు మూలలా పసుపు అద్దింది. "ఇంకాస్త రాయమ్మా" అన్నాను. రాసింది. కవరు మూలలకి కూడా రాయించి పోస్టు చేశాను.

ఆ బుధవారం దాకా పక్కింటి ఫోను మోగితే చాలు నేను గోడ దగ్గరికి వెళ్లి నిలబడేవాణ్ణి. వాళ్లమ్మాయి కిటికీలోంచి "మీకు కాదండి" అనేది. ఆ పిల్లకి పాపం అది అలవాటైపోయి, ఫోను మోగనప్పుడు కూడా నన్ను చూస్తే మీకు కాదండి అనడం మొదలుపెట్టింది.

బుధవారం వచ్చింది. బావ పొద్దున్నే దిగాడు. తెనాలిలో పరుపు గుడ్డ కొనే పని చూసుకుని, మా ఇంటికొచ్చి వెనక గదిలో పడుకున్నాడు. నా పెట్టె గుమ్మం పక్కన సర్ది ఉంది. నేను గ్రంథాలయం నుంచి వచ్చి లుంగీ కట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. పక్కింటి ఫోను మోగలేదు.

పన్నెండు దాటాక మా ఇంటి ముందు ఆటో ఆగింది. ఇద్దరు ఆడవాళ్లు దిగారు. ఒకావిడ నడివయసు మనిషి, ఒంటి నిండా నగలు. రెండో ఆవిడ బాగా పెద్దావిడ, చేతికర్ర ఉంది కాని దాన్ని నడవడానికి కాకుండా చూపించడానికి వాడుతోంది. ఇద్దరివీ పట్టుచీరలు. నడివయసావిడ చంకలో మెరిసే కాగితం చుట్టిన గోడ గడియారం పెట్టె.

"పందిరి లేదేంటే అమ్మాయ్?" అంది పెద్దావిడ కర్రతో మా గుమ్మం చూపిస్తూ.

"లోపలేసుంటారు అత్తయ్యా."

"మావిడాకులు కూడా లోపలే కట్టారా?"

నేను లేచి నిలబడ్డాను. "ఎవరి కోసమండి?" అన్నాను.

"పెళ్లి ఇక్కడేనా బాబూ, లేకపోతే హాలేమన్నా మాట్లాడారా?" అంది కోడలు.

"ఏ పెళ్లండి?"

ఆవిడ సంచీలోంచి కార్డు తీసింది. నాలుగు మూలలా పసుపు. పల్లకీ. పాతిక దరఖాస్తులు వేయించినవాణ్ణి, నాకు ఆ పల్లకీ దూరం నుంచే తెలిసింది. వాళ్లు రేపల్లె మిల్లు వాళ్లు. మిల్లు యజమాని భార్య, ఆయన తల్లి.

"పెళ్లికొడుకెవరయ్యా?" అంది మామ్మగారు.

"నేనేనండి."

ఆవిడ నా లుంగీని కింద నుంచి పైకి చూసింది. "మరి పెళ్లికూతురో?"

చెప్పక తప్పలేదు. "మీ మిల్లులో గుమాస్తా పోస్టండి."

ఆటో అతను కిరాయి అడగడం మర్చిపోయి చూస్తున్నాడు. కోడలుగారు కార్డు విప్పి మొదటిసారిగా పై నుంచి కింది దాకా చదివింది. చదువుతుంటే ఆవిడ మొహం ఎర్రబడుతూ వచ్చింది.

"నువ్వు చూశానన్నావు కదే?" అంది మామ్మగారు.

"చూశాను అత్తయ్యా. ముహూర్తం చూశాను, వేదిక చూశాను, భోజనాలు చూశాను. శుభలేఖ అంతా కూర్చుని ఎవరన్నా చదువుతారా? తెనాలి వైపు ధాన్యం తోలే ఆసాములై ఉంటార్లే, వెళ్లకపోతే మాటొస్తుందని క్యాలెండర్ మేకుకి తగిలించాను."

"బుధవారం పన్నెండుంపావుకి రాహుకాలం, ఆ టైములో తాళి కట్టేవాళ్లెవర్రా అని నేను అనుకుంటూనే ఉన్నా. ఆ వింత చూద్దామనే వచ్చా."

నా లెక్కలో ఉన్న తప్పు నాకు అప్పుడు అర్థమైంది. శుభలేఖని మనవాళ్లు పారేయరు, అది నిజమే. చదవరు కూడా. ఈ రెండో ముక్క ఏ బీరువాలోనూ లేదు.

"పద అమ్మాయ్, రైలుకి పోదాం. పెద్దవాళ్లతో ఏంటిది వేళాకోళం!" అని మామ్మగారు వెనక్కి తిరిగింది. కర్ర మెట్టు మీద పెట్టింది. ఇంక నా పెట్టె బాపట్ల పోవడమే తరువాయి.

ఆ మాటలకి మెలకువ వచ్చి బావ బయటికొచ్చాడు. పై తువ్వాలు దులిపాడు. బాపట్ల కొట్లోని దూది ఎంత వుందో ఆ తువ్వాల్లో అంతా ఉన్నట్టుంది, ఎండలో తెల్లగా లేచింది.

నేను తుమ్మాను.

మామ్మగారి కర్ర మెట్టు మీదే ఆగిపోయింది. "ఒంటి తుమ్ము" అంది. వెనక్కొచ్చి మా అరుగు మీద కూర్చుంది. "కూర్చోవే. మంచినీళ్లు తాగి పోదాం."

బావ ఒక్క చూపులో సంగతి గ్రహించాడు. పట్టుచీరలు, గడియారం, పసుపు కార్డు, నా మొహం, అన్నీ చూశాడు. నా పక్కకి వచ్చి భుజం మీద చెయ్యి వేసినట్టు వేసి చెవిలో అన్నాడు. "రెండోది తుమ్మావంటే చంపేస్తా."

నా జన్మలో మొదటిసారి రెండో తుమ్ము నిజంగా వస్తోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బావ తువ్వాలుతో నా మొహం తుడుస్తున్నట్టుగా ముక్కు గట్టిగా పట్టుకున్నాడు. కోడలుగారు చూసి, "పాపం, ఏడుస్తున్నాడు అత్తయ్యా" అంది. ఆ మాటకి మామ్మగారు కాస్త మెత్తబడింది.

అమ్మ మంచినీళ్లు తెచ్చింది. విషయం ఆవిడకి ఎవరూ చెప్పలేదు, అయినా గుమ్మం వెనక నుంచి అంతా విన్నదే. "భోజనాల వేళకి వచ్చారు. విందు అని వేసి పస్తు పంపిస్తామా అమ్మా, మాకు మాత్రం మాట రాదూ? లేవండి, కాళ్లు కడుక్కోండి" అంది.

"వంట ఏం చేశావమ్మాయ్?" అంది మామ్మగారు.

"దోసకాయ పప్పు, వంకాయ వేపుడు, కొత్త చింతకాయ పచ్చడండి."

"పెళ్లి భోజనంలో దోసకాయ పప్పా! సరేలే, ఆ పులిహోరలూ బూరెలూ తిని తిని నాకూ విసుగ్గానే ఉంది."

వాళ్లు విస్తళ్ల ముందు కూర్చున్నారు. మామ్మగారికి చిన్న అక్షరాలు ఆనవు. "ఆ కార్డులో ఏం రాశావో నువ్వే చదవరా అబ్బాయ్" అంది. నేను ఎదురుగా నిలబడి నా దరఖాస్తు నేనే గట్టిగా చదివాను. గుమాస్తా ఉద్యోగముతో జతపరచుటకు అనే దగ్గర ఆవిడకి పొలమారింది. అమ్మ తల మీద తట్టింది. రెండు బీరువాల దగ్గర ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఆ బీరువాల్లో ఏముందిరా?"

"అన్నీ ఉన్నాయి మామ్మగారూ. కోళ్ల పెంపకం, రోమన్ చక్రవర్తులు, చంద్రుడి మీద గుంటలు..."

"వడ్ల గురించి?"

"ఉందండి. వరి మొదట ఏ దేశంలో పండించారో పండితుల్లో రెండు అభిప్రాయాలున్నాయండి."

"మా మిల్లుకి ఏ దేశం నుంచి వచ్చినా ఒకటే రేటు. లెక్కలు సరిగ్గా రాస్తావా?"

"రాస్తానండి."

అమ్మ వడ్డిస్తూ బావ దూది పరుపుల కొట్టు సంగతి కూడా చెప్పేసరికి మామ్మగారు మళ్లీ నా వైపు తిరిగింది.

"ఈ చదువంతా చదివినవాడివి, దర్జాగా బావ కొట్లో కూర్చోక మా దగ్గరికెందుకు వస్తానంటున్నావు?"

నేను పుస్తకంలో ఈ ప్రశ్నకి ఉన్న జవాబు గుర్తు తెచ్చుకుంటున్నాను. సంస్థ అభివృద్ధిలో పాలుపంచుకోవాలని అని చెప్పాలి. ఈలోపు బావ అందుకున్నాడు.

"తుమ్ముతాడండి మామ్మగారూ! ఒక్కటే తుమ్ముతాడండి! పెళ్లివారు పరుపు కొనబోతుంటే తుమ్ముతాడండి! వైశాఖం వచ్చేస్తోంది. మీరు తీసుకోకపోతే ఈ సాయంత్రం వీణ్ణి నాతో తీసుకెళ్లాలండి. నాకు ఇద్దరు పిల్లలండి!"

మామ్మగారు చెయ్యి విస్తట్లో పెట్టి చాలాసేపు నవ్వింది. "మా మిల్లులో ఊక దుమ్ము మీ దూదికి తాత. అక్కడ తుమ్మడా?"

"దూదే పడదండి. ఊక సంగతి ఇంకా తెలీదండి" అన్నాను. నిజం అదే.

ఆవిడ మజ్జిగ పోసుకుంటూ కోడలితో అంది. "మీ ఆయన బల్ల కింద దరఖాస్తులు గోతాంలో తొక్కి ఉన్నాయి. తేమ చూసే కుర్రాళ్లు వాటి మీద వడ్లు పోసి చూస్తున్నారు. ఒక్కటన్నా ఇంటి దాకా వచ్చిందా? వీడిదొక్కటే మన క్యాలెండర్ మేకు దాకా వచ్చింది. పైగా రైలెక్కి, గడియారం మోసుకుంటూ వచ్చాం. పెళ్లి ఎలాగూ లేదు. ఉత్త చేతులతో పోయే బదులు గుమాస్తానన్నా తీసుకుపోదాం."

"ఆయన్ని అడగద్దా అత్తయ్యా?"

"వాడు ఇవాళ ఇంకో పెళ్లిలో బూరెలు తింటున్నాడు. వాణ్ణేం అడుగుతావు? అబ్బాయ్, సోమవారం వచ్చెయ్."

అమ్మ ఇద్దరికీ బొట్టు పెట్టి పళ్లిచ్చింది. గడియారం తిరిగి ఇవ్వబోతే మామ్మగారు ఒప్పుకోలేదు. శుభకార్యానికని తెచ్చింది వెనక్కి తీసుకెళ్లరట. ఇద్దరూ గుమ్మం దాటారు. బావ సంతోషం పట్టలేక తువ్వాలు భుజం మీద నుంచి తీసి గాల్లో ఊపాడు.

నేను తుమ్మాను.

మామ్మగారు వెనక్కి తిరగలేదు. అక్కడే నిలబడి, "మాట ఇచ్చాక తుమ్మావేంట్రా నాయనా" అంది నెమ్మదిగా. కోడలుగారు చేతిలో పళ్ల వైపు చూసుకుంది. అమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఇంకోటి తుమ్మరా!" అని అరిచాడు బావ. "ఇంకోటి! ఇప్పుడు తుమ్ము!"

రాలేదు. ఇందాక చంపేస్తానన్నాడని అలిగినట్టు రెండో తుమ్ము ఎటో వెళ్లిపోయింది. బావ నా మొహం సూర్యుడి వైపు తిప్పాడు. తువ్వాలు నా తల మీద కప్పి దులిపాడు. అమ్మ వంటింట్లోకి పరిగెత్తి కారం డబ్బా తెచ్చింది. పక్కింటి అమ్మాయి కిటికీ లోంచి చూస్తోంది. ఆటో అతను రైలు టైమైపోతుందండీ అన్నాడు. నా ముక్కు రాయిలా ఉంది.

అప్పుడు బావ రెండడుగులు ముందుకొచ్చి, ఛాతీ విరిచి, ఆకాశం వైపు చూసి, "హాచ్!" అన్నాడు.

దూదిలో పుట్టి దూదిలో పెరిగిన మనిషి. ఆయన తుమ్మగా నేనెప్పుడూ వినలేదు. అది తుమ్ములా లేదు కూడా.

మామ్మగారు వెనక్కి తిరిగింది. "అది తుమ్మా, ఆర్టీసీ బస్సు హారనా?"

"తుమ్మేనండి" అన్నాడు బావ చేతులు కట్టుకుని. "మాకు ఇలాగే వస్తుందండి."

ఆవిడ ఆయన్ని చూసింది, నన్ను చూసింది, గుమ్మం పక్కన సర్ది ఉన్న పెట్టె చూసింది. "సరేలే. బావాబామ్మర్దులు కలిసి తుమ్మారు. జంటే" అని కర్ర ఎత్తి ఆటో ఎక్కింది.

సాయంత్రం బావ ఒక్కడే బాపట్ల రైలెక్కాడు. స్టేషన్లో నాకు బజ్జీలు కొనిపెట్టాడు. ఈసారి అవి చుట్టిన కాగితం ఎవరమూ చదవలేదు.

సోమవారం రేపల్లె వెళ్లాను. ఊక దుమ్ముకి నాకు తుమ్ము రాదు. ఎందుకు రాదో తర్వాత గ్రంథాలయంలో వెతికాను, దొరకలేదు. మిల్లులో నా మొదటి పని లెక్కలు కాదు. కోడలుగారు ఒక బుట్టెడు శుభలేఖలు పంపి, ఇక నుంచి మిల్లుకి వచ్చిన ప్రతి కార్డూ పై నుంచి కింది దాకా చదివి, అది పెళ్లే అని నేను రాసి పంపితే తప్ప గడియారం కొనేది లేదని చెప్పింది.

ఏడెనిమిది నెలలు బాగానే నడిచింది. కార్తీకంలో ఒక కార్డు వచ్చింది. పసుపు, పల్లకీ, లోపల చిరంజీవి అని మొదలుపెట్టి బి.ఎస్సీ. మా సాయిబు బాబాయ్ నా కార్డుని తన నమూనాల ఆల్బంలో ఉద్యోగం మోడల్ అని పెట్టేశాడని ఆ ఆదివారం తెనాలి వెళ్లినప్పుడు తెలిసింది. నేను దాన్ని రెండుసార్లు శ్రద్ధగా చదివి, కుర్రాడు మంచివాడిలా ఉన్నాడని మామ్మగారి దగ్గరికి తీసుకెళ్లాను. చదువు, మార్కులు, టైపు అన్నీ విప్పి చెప్పాను.

ఆవిడ అంతా విని, "భోజనాలు ఎన్నింటికట?" అంది.